2025లో పెట్టించిన హీట్ పంప్‌కి ఫెడరల్ క్రెడిట్, మాస్ సేవ్ రిబేటు రెండూ వస్తాయా?

మీ పరిస్థితి నాకు అర్థమైనంత వరకు ఇదీ. మసాచుసెట్స్‌లోని వెస్ట్‌బరోలో 1978 నాటి ఇల్లు. పాత ఆయిల్ బాయిలర్ బదులు 2025 నవంబర్‌లో ఇల్లంతటికీ 4 టన్నుల హీట్ పంప్ (కరెంటుతో ఇంటికి వేడీ చల్లదనమూ ఇచ్చే యంత్రం) పెట్టించారు. ఖర్చు 24,000 డాలర్లు అయింది. కరెంటు, గ్యాస్ కంపెనీలు కలిసి ఇచ్చే మాస్ సేవ్ రిబేటు ఇంకా రాలేదు. ఫెడరల్ టాక్స్ క్రెడిట్ ఎత్తేశారని కాంట్రాక్టర్ చెబుతున్నాడు. టాక్స్ రిటర్న్ చేసే ఆయన మాత్రం ఏదో నాలుగు అక్షరాల కోడ్ తెమ్మంటున్నాడు. రెండూ తీసుకోవచ్చా, ఏది ముందు, హెచ్1బి వీసా మీద ఉన్నందుకు ఇబ్బంది ఉంటుందా అని అడిగారు.

రెండూ వస్తాయండి, టెన్షన్ పడకండి. ఇళ్లకు ఎంత వేడి కావాలో లెక్కగట్టే పని నేను 14 ఏళ్లుగా చేస్తున్నాను. ఈ నాలుగేళ్లలో మన తెలుగు కుటుంబాలు చాలామందికి ఈ కాగితాల పని దగ్గరుండి చేయించాను. యంత్రం బాగా పనిచేస్తున్నా కాగితం ఒకటి తక్కువై వేల డాలర్లు పోగొట్టుకున్నవాళ్లని చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కాంట్రాక్టర్ చెప్పింది సగం నిజం. సెక్షన్ 25సీ అనే ఈ క్రెడిట్‌ని 2022 ఆగస్టులో వచ్చిన ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ బాగా పెంచి, 2032 చివరి దాకా ఉంటుందని చెప్పింది. 2025 జూలై 4న సంతకమైన కొత్త చట్టం ఆ గడువుని కుదించి 2025 డిసెంబర్ 31తో ఆపేసింది. ఆ తేదీ లోపల బిగించి, వాడకానికి సిద్ధమైన యంత్రాలకు మాత్రం క్రెడిట్ యథాతథంగా ఉంది. మీది నవంబర్‌లోనే నడిచింది కాబట్టి ఇప్పుడు వేస్తున్న 2025 రిటర్న్‌లో క్లెయిమ్ చేయవచ్చు.

ఇక్కడ లెక్కలోకి వచ్చేది బిగింపు పూర్తయిన తేదీ. డబ్బు కట్టిన తేదీ కాదు. ఇది చాలామంది తిరగేసి అర్థం చేసుకుంటున్నారు. అక్టోబర్‌లో సగం అడ్వాన్స్ కట్టి, పని జనవరిలో పూర్తయినవాళ్లకి ఈ క్రెడిట్ లేదు. అంత డబ్బు ముందే కట్టాక ఈ సంగతి తెలిస్తే కష్టంగానే ఉంటుంది. అయినా రిటర్న్‌లో 2025 అని రాసేద్దామని మాత్రం అనుకోకండి, ఇన్‌వాయిస్ మీదా పర్మిట్ మీదా తేదీలు ఉంటాయి. మీరు ఒక పని చేయండి. యంత్రం ఫలానా రోజున బిగించి, పరీక్షించి, నడిపించి అప్పగించామని కాంట్రాక్టర్ దగ్గర లెటర్‌హెడ్ మీద ఒక చిన్న ఉత్తరం తీసుకోండి. టౌన్ ఇన్‌స్పెక్టర్ చివరి సంతకం ఏ తేదీన పెట్టారో కూడా చూడండి. అది జనవరిలో పడి ఉంటే ఆ సంగతి మీ టాక్స్ ఆయనకి ముందే చెప్పండి.

ఇక డబ్బు లెక్క. హీట్ పంప్‌కి ఖర్చులో 30 శాతం, గరిష్ఠంగా 2,000 డాలర్లు. యంత్రంతో పాటు బిగించిన కూలీ కూడా ఖర్చులో కలుస్తుంది. అయితే మాస్ సేవ్ నుంచి వచ్చే రిబేటుని ముందు ఖర్చులోంచి తీసేసి, మిగిలిన దాని మీద 30 శాతం కట్టాలి. కరెంటు, గ్యాస్ కంపెనీలు ఇలాంటి పనులకు ఇచ్చే రిబేటు మీకు ఆదాయం కాదు, దాని మీద పన్ను ఉండదు. ఖర్చు మాత్రం ఆ మేరకు తగ్గినట్టే లెక్క. మీ విషయంలో 24,000 లోంచి మాస్ సేవ్ రిబేటు 10,000 తీసేస్తే 14,000. అందులో 30 శాతం 4,200. పరిమితి 2,000 కాబట్టి మీకు పూర్తి 2,000 వస్తుంది. అంటే రిబేటు ఇంకా చేతికి రాలేదని రిటర్న్ ఆపాల్సిన పనిలేదు. వచ్చినా రాకపోయినా మీ క్రెడిట్ మారదు.

చిన్న పని చేయించుకున్నవాళ్లకి ఈ తీసివేత తేడా చూపిస్తుంది. రెండు గదులకి 11,000 పెట్టి 5,000 రిబేటు తెచ్చుకున్నవాళ్లు మిగిలిన 6,000 మీద 1,800 మాత్రమే రాసుకోవాలి. మొత్తం 11,000 మీద లెక్కగట్టి 2,000 రాసుకున్నవాళ్లని నేను చూశాను. తెలియక చేసిన తప్పైనా, పన్నుల శాఖ నుంచి ఉత్తరం వచ్చినప్పుడు వడ్డీతో సహా తిరిగి కట్టాల్సింది వాళ్లే.

మీ ప్రశ్నలో లేని ఒక విషయం అడుగుతాను. కరెంటు ప్యానెల్ మార్పించారా? 1978 ఇళ్లలో చాలావాటికి 100 ఆంపియర్ల ప్యానెల్ ఉంటుంది. హీట్ పంప్ కోసమే దాన్ని 200 ఆంపియర్లకి మార్పించి ఉంటే దానికి వేరుగా 30 శాతం, గరిష్ఠంగా 600 డాలర్లు వస్తుంది. ఇది హీట్ పంప్ 2,000 పరిమితిలోకి రాదు. ఇన్సులేషన్, కిటికీలు, ప్యానెల్ లాంటివాటికి ఏడాదికి 1,200 అని మరో పరిమితి ఉంది, అందులోకి వస్తుంది. 2025లో అటక మీద ఇన్సులేషన్ కూడా వేయించి ఉంటే, అందులో మీరు సొంతంగా కట్టిన సామాను ఖర్చు కూడా అక్కడే రాసుకోవచ్చు. ఇన్సులేషన్‌కి కూలీ మాత్రం లెక్కలోకి రాదు. ఇన్‌వాయిస్‌లో అన్నీ కలిపి ఒకే అంకె వేసి ఇస్తే ఈ 600 ఎవరికీ కనపడకుండా పోతుంది. కాబట్టి యంత్రం ఎంత, కూలీ ఎంత, ప్యానెల్ ఎంత అని విడివిడిగా రాసి ఇమ్మని అడగండి. కాంట్రాక్టర్ విసుక్కున్నా అడగండి, అది మీ హక్కు.

టాక్స్ ఆయన అడుగుతున్న కోడ్ గురించి. 2025లో బిగించిన హీట్ పంప్‌లకు కొత్త నియమం వచ్చింది. యంత్రం తయారుచేసిన కంపెనీ ఐఆర్‌ఎస్ (అమెరికా పన్నుల శాఖ) దగ్గర నమోదై ఉండాలి, ఆ కంపెనీకి ఇచ్చిన నాలుగు అక్షరాల క్యూఎమ్ కోడ్‌ని ఫారం 5695లో రాయాలి. అది మీ యంత్రం సీరియల్ నంబర్ కాదు, మోడల్ నంబర్ కూడా కాదు. ఆ కంపెనీ యంత్రాలన్నిటికీ అదే కోడ్. కంపెనీ వెబ్‌సైట్‌లో టాక్స్ క్రెడిట్ల పేజీలో ఉంటుంది, లేదంటే కాంట్రాక్టర్‌కి సామాను అమ్మిన డీలర్ చెబుతాడు. అదే పేజీలో, ఫలానా మోడళ్లు 25సీ కింద అర్హమైనవని కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ కూడా ఉంటుంది. దాన్ని డౌన్‌లోడ్ చేసి దాచుకోండి.

దానితో పాటు ఏహెచ్‌ఆర్‌ఐ (ఇలాంటి యంత్రాల సామర్థ్యాన్ని ధ్రువీకరించే సంస్థ) సర్టిఫికెట్ కూడా తీసుకోండి. హీట్ పంప్ అంటే బయట పెట్టే యూనిట్ ఒక్కటే కాదు. బయటి యూనిట్, లోపలి యూనిట్ కలిసిన జోడీకి సామర్థ్యం కొలిచి ఒక నంబర్ ఇస్తారు. ఒకే బయటి యూనిట్ ఒక లోపలి యూనిట్‌తో అర్హత పొంది, ఇంకోదానితో పొందకపోవచ్చు. మీకు బిగించిన జోడీ, కొటేషన్‌లో రాసిన జోడీ ఒకటేనా అని యూనిట్ల మీది లేబుళ్లు ఫోన్‌లో ఫోటో తీసి సరిచూసుకోండి. సామాను దొరక్క చివరి నిమిషంలో లోపలి యూనిట్ మార్చి, కాగితాల్లో పాత నంబరే వదిలేయడం జరుగుతూనే ఉంటుంది. మాస్ సేవ్ దరఖాస్తు వెనక్కి రావడానికి నేను చూసిన కారణాల్లో ఇది పెద్దది.

రసీదులు రిటర్న్‌కి జతచేయక్కర్లేదు. కానీ కనీసం మూడేళ్లు దాచాలి. నేనైతే ఇల్లు అమ్మేదాకా దాచమంటాను. ఎందుకంటే వచ్చిన రిబేటునీ క్రెడిట్‌నీ ఇంటి కొనుగోలు విలువకు కలిపే ఖర్చులోంచి తీసేయాలి. ఇంటి మీద 24,000 పెట్టి 12,000 వెనక్కి తెచ్చుకుంటే, అమ్మేటప్పుడు లాభం లెక్కలో చూపించుకోగలిగేది మిగతా 12,000 మాత్రమే. పదేళ్ల తర్వాత అది గుర్తుండదు.

"మాకు ఏటా రీఫండ్ వస్తుంది, మరి ఈ క్రెడిట్ రాదట కదా" అని నన్ను చాలామంది అడుగుతారు. బహుశా మీ మనసులోనూ ఉండి ఉంటుంది. ఈ క్రెడిట్ మీ పన్నుని సున్నా దాకా తగ్గిస్తుంది, అంతకు మించి చేతికివ్వదు, మిగిలింది వచ్చే ఏడాదికి పోదు. అది నిజమే. కానీ పన్ను వేరు, రీఫండ్ వేరు. ఏడాదికి మీ ఇద్దరి జీతం మీద పన్ను 38,000 అనుకోండి. జీతంలోంచి 40,000 కోసుకున్నారు. మీకు 2,000 రీఫండ్ వస్తుంది. క్రెడిట్ ఆ 38,000ని 36,000 చేస్తుంది, కాబట్టి మీ రీఫండ్ 4,000 అవుతుంది. ఇద్దరూ ఉద్యోగం చేసే ఇళ్లలో పన్ను చాలక క్రెడిట్ వృథా కావడం దాదాపు ఉండదు. ఈ క్రెడిట్‌కి ఆదాయ పరిమితి కూడా లేదు.

హెచ్1బి గురించి భయపడకండి. ఇది ప్రభుత్వం ఇచ్చే సాయం కాదు, మీరు కట్టాల్సిన పన్నులో తగ్గింపు. ఈ క్రెడిట్‌కి వీసాతో పనిలేదు. ఇల్లు అమెరికాలో ఉండాలి, అందులో మీరు నివసించాలి. అద్దెకిచ్చి మీరు వేరేచోట ఉంటున్న ఇంటికైతే రాదు. ఏప్రిల్ 15 లోపు రిటర్న్‌లో కలపండి. పొరపాటున ఈసారి వదిలేసినా, మూడేళ్లలోపు 1040ఎక్స్ అనే సవరణ ఫారంతో సవరించుకోవచ్చు. 2023, 2024లలో హీట్ పంప్ పెట్టించి క్లెయిమ్ చేయని స్నేహితులుంటే వాళ్లకీ ఈ మాట చెప్పండి, వాళ్లకి ఆ క్యూఎమ్ కోడ్ అవసరం కూడా లేదు.

ఇప్పుడు మాస్ సేవ్. పెద్ద డబ్బు ఇక్కడే ఉంది, చిక్కులూ ఇక్కడే ఉన్నాయి.

దీన్ని చాలామంది ప్రభుత్వ సబ్సిడీ అనుకుంటారు. నిజానికి 2008లో వచ్చిన గ్రీన్ కమ్యూనిటీస్ యాక్ట్ ప్రకారం కరెంటు, గ్యాస్ కంపెనీలు కలిసి నడిపే కార్యక్రమం ఇది. మీ కరెంటు బిల్లు తీసి చూడండి, ఎనర్జీ ఎఫిషియెన్సీ పేరుతో ఒక చార్జ్ ఉంటుంది. ప్రతి నెలా మీరు కడుతున్నదే అది. కాబట్టి రిబేటు అడగడానికి మొహమాటపడక్కర్లేదు. వెస్ట్‌బరోలో కరెంటు నేషనల్ గ్రిడ్‌ది కాబట్టి మీకు అర్హత ఉంది. పక్కనే ఉన్న ష్రూస్‌బరీలో కరెంటు టౌన్‌ వాళ్లదే. లిటిల్‌టన్, రెడింగ్ కూడా అంతే. అక్కడి వాళ్లకి సొంత రిబేట్లు వేరుగా ఉంటాయి, వెస్ట్‌బరో స్నేహితుడికి వచ్చిన అంకె అక్కడ ఆశించకూడదు. ఈ ప్రాంతంలో ఇల్లు వెతికేవాళ్లు స్కూళ్లతో పాటు ఈ సంగతి కూడా కనుక్కుంటే మంచిది.

ఇల్లంతటికీ హీట్ పంప్ పెడితే 2025లో టన్నుకి 3,000 చొప్పున, గరిష్ఠంగా 10,000 డాలర్లు. 2026లో దీన్ని టన్నుకి 2,650, గరిష్ఠంగా 8,500కి తగ్గించారు. మీకు 4 టన్నులు కాబట్టి 12,000 అవ్వాలి కదా అనిపిస్తుంది, కానీ పరిమితి దగ్గర 10,000తో ఆగుతుంది. టన్ను అంటే గంటకు 12,000 బీటీయూ, మన దగ్గర ఏసీ కొనేటప్పుడు అనే టన్నే ఇదీ.

రిబేటు కోసం టన్నులు పెంచమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఇంటికి కావలసిన దానికంటే పెద్ద యంత్రం మాటిమాటికీ ఆగి మొదలవుతుంది, కరెంటు ఎక్కువ తింటుంది, ఎండాకాలంలో ఇంట్లో తేమ సరిగా లాగదు. మాన్యువల్ జె అనే పద్ధతిలో గదిగదికీ లెక్కగట్టాలి. ఆ లెక్క కాగితం మీకు ఇవ్వకపోతే అడగండి.

ఇల్లంతటి రిబేటుకి మూడు విషయాలు చూస్తారు. కాంట్రాక్టర్ మాస్ సేవ్ హీట్ పంప్ ఇన్‌స్టాలర్ల జాబితాలో ఉండాలి. యంత్రం వాళ్ల అర్హత జాబితాలో ఉండాలి. ఇది ఫెడరల్ జాబితా కాదు, ఒకదానిలో ఉన్నంతమాత్రాన రెండోదానిలో ఉండాలని లేదు. మూడోది, ఇంట్లోంచి వేడి బయటికి పోకుండా ఇన్సులేషన్ సరిపడా ఉందని ధ్రువీకరణ. ఇవి కాక, చలికాలమంతా ఈ హీట్ పంపే ఇంటికి వేడినిస్తుందని మీరూ కాంట్రాక్టరూ కలిసి సంతకం చేసే ఫారం ఒకటి ఉంటుంది.

ఈ మూడోదాని దగ్గర నేనే దెబ్బతిన్నాను. 2022లో మా ఇంటికి పెట్టించినప్పుడు, ఇన్సులేషన్ సంగతి తర్వాత చూసుకోవచ్చని బిగించినవాళ్లు చెప్పారు. ఈ రంగంలో ఉండి కూడా ఆ మాట నమ్మాను. దరఖాస్తు వెనక్కి వచ్చింది. అప్పుడు ఇంటి తనిఖీకి పేరు రాయించుకుని, వంతు వచ్చేదాకా ఆగి, అటక మీద పని చేయించుకుని, మళ్లీ పంపేసరికి ఐదు నెలలు పట్టింది. ఆ ఐదు నెలలూ క్రెడిట్ కార్డు మీద వడ్డీ కట్టాను. అప్పట్లో ఫెడరల్ క్రెడిట్ కూడా హీట్ పంప్‌కి 300 డాలర్లే ఉండేది. అందుకే ఈ రోజు మీకు 2,000 వస్తుందంటే దాన్ని వదలనివ్వను.

మీరు తనిఖీ చేయించుకున్నారో లేదో రాయలేదు. చేయించుకోకపోతే ఇప్పుడే మాస్ సేవ్‌కి ఫోన్ చేసి హోమ్ ఎనర్జీ అసెస్‌మెంట్ అడగండి, అది ఉచితం. వాళ్లు చెప్పిన ఇన్సులేషన్ ఖర్చులో ముప్పాతిక వంతు కార్యక్రమమే భరిస్తుంది, గాలి దూరే సందులు మూసే పనికి మీరు ఏమీ కట్టక్కర్లేదు. మీ ఇల్లు 1978ది కాబట్టి గోడల్లో పాతకాలపు నాబ్ అండ్ ట్యూబ్ వైరింగ్ ఉండే అవకాశం లేదు. అటక మీద మాత్రం మెరిసే గులకరాళ్లలాంటి వెర్మిక్యులైట్ పోసి ఉందేమో చూడండి. అందులో ఆస్బెస్టాస్ ఉండవచ్చు, దాన్ని కదపకండి, చీపురుతో ఊడ్చకండి, తనిఖీకి వచ్చినవాళ్లకి చూపించండి. అది తేలేదాకా వాళ్లు ఇన్సులేషన్ పని మొదలుపెట్టరు.

తనిఖీ అయిపోయి, దరఖాస్తు పంపి, జవాబు కోసం చూస్తున్నట్టయితే పేర్లు సరిపోయాయేమో చూడండి. మన ఇళ్లలో కరెంటు కనెక్షన్ భర్త పేరు మీద, కాంట్రాక్ట్ భార్య పేరు మీద ఉండటం మామూలే. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. ఒకచోట పూర్తి పేరు, ఇంకోచోట పొడి అక్షరాలు. దరఖాస్తులో కరెంటు బిల్లు మీద ఎలా ఉందో అలాగే రాయండి, అకౌంట్ నంబర్ అంకె అంకె సరిచూడండి. కాంట్రాక్టరే దరఖాస్తు పంపాడని చెబితే, పంపిన కాపీ అడిగి తీసుకోండి. ఫారం మీద ఆఖరు తేదీ ఉంటుంది, అది దాటిపోయాక చేసేదేమీ ఉండదు.

ఇంకొకటి, ఇది ప్రతి ఏటా కలిసొచ్చేది. 2025 నవంబర్ 1 నుంచి నేషనల్ గ్రిడ్, ఎవర్‌సోర్స్, యూనిటిల్ కంపెనీలు హీట్ పంప్ ఉన్న ఇళ్లకి చలికాలంలో, అంటే నవంబర్ నుంచి ఏప్రిల్ చివరి దాకా, తక్కువ డెలివరీ రేటు ఇస్తున్నాయి. ఈ రాష్ట్రంలో కరెంటు ఎంత ఖరీదో మీకు జనవరి బిల్లు చెప్పే ఉంటుంది. ఆ రేటులో మీ అకౌంట్ చేరిందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. రిబేటు వచ్చినప్పుడు వాళ్లే చేరుస్తారులే అని ఎదురుచూస్తే ఈ చలికాలం అయిపోతుంది.

2026లో పెట్టించాలనుకుంటున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే వాళ్లకి కూడా రెండు మాటలు. ఫెడరల్ క్రెడిట్ లేదు. భూమిలో గొట్టాలు వేసే జియోథర్మల్‌కి ఉండే 25డీ క్రెడిట్ కూడా అదే తేదీతో పోయింది. మసాచుసెట్స్‌లో మాస్ సేవ్ ఉంది, దానితో పాటు 25,000 డాలర్ల దాకా వడ్డీ లేని హీట్ లోన్ ఉంది. ఆ లోన్‌కి అనుమతి పని మొదలవకముందే తీసుకోవాలి, అందుకే మొదటి ఫోన్ తనిఖీకే చేయండి, కాంట్రాక్టర్‌కి తర్వాత.

జార్జియా లాంటి రాష్ట్రాల్లో ఉన్నవాళ్లకి హియర్ అనే రిబేటు ఉంది. ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్ ఇచ్చిన డబ్బుతో రాష్ట్రాలు నడిపేది ఇది, కొత్త చట్టం దీన్ని రద్దు చేయలేదు. హీట్ పంప్‌కి 8,000 దాకా, ప్యానెల్‌కి 4,000 దాకా, అన్నీ కలిపి 14,000 దాకా వస్తుంది. ఇంటి ఆదాయం మీ ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉంటే ఆ పరిమితి మేరకు ఖర్చంతా, 80 నుంచి 150 శాతం మధ్య ఉంటే సగం ఖర్చు. 150 దాటితే రాదు. ఆల్ఫారెట్టా, కమింగ్ వైపు ఇద్దరూ ఐటీలో ఉన్న ఇళ్లు చాలావరకు ఆ గీత దాటతాయి. కానీ ఒకరే సంపాదిస్తూ, అమ్మానాన్నలతో, పిల్లలతో ఉన్నవాళ్లు తప్పకుండా చూసుకోవాలి, ఇంట్లో మనుషులు పెరిగేకొద్దీ ఆ గీత కూడా పైకి జరుగుతుంది. ఇది ముందు అనుమతి తీసుకుని తర్వాత బిగించుకోవాల్సిన రిబేటు. బిగించాక అడిగితే ఇవ్వరు.

మీ విషయానికి వస్తే, ఈ వారంలో కాంట్రాక్టర్ దగ్గర నాలుగు కాగితాలు తీసుకోండి. విడివిడి అంకెలతో ఇన్‌వాయిస్, పని పూర్తయిన తేదీతో ఉత్తరం, ఏహెచ్‌ఆర్‌ఐ సర్టిఫికెట్, కంపెనీ క్యూఎమ్ కోడ్. ప్యానెల్ మార్పించారో లేదో, ఇంటి తనిఖీ అయిందో లేదో ఇక్కడే రాయండి. మాస్ సేవ్ వాళ్ల దగ్గర నుంచి ఏదైనా ఉత్తరం వస్తే, పేరు, అకౌంట్ నంబర్ కనపడకుండా చేసి అందులో ఏముందో పెట్టండి, చూసి చెబుతాను.